రాయికి ఎన్ని వయసులు?

(నెల్లూరు జిల్లా వింజమూరులో ఉపాధ్యాయులు, విద్యార్థులు, గనుల్లో పనిచేసినవారు కూడిన సభలో ఒక భూవిజ్ఞాన అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాశాము. తడబాట్లు తప్ప ఏమీ తీసివేయలేదు.)

సభలోని పెద్దలందరికీ నమస్కారం. ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు, ముఖ్యంగా ఎండను కూడా లెక్కచేయకుండా ఇంత దూరం వచ్చిన పాతతరం మైకా గనుల కార్మికులకు నా నమస్కారం. ముందుగా మీ ఊరి గురించి ఒక మాట చెప్పాలి. దక్షిణ భారతదేశపు తూర్పు అంచు శిలల గురించి ఏ దేశంలో ఎవరు చదివినా వింజమూరు అనే పేరు చదవక తప్పదు. షిస్టు అంటే పలుచని రేకులుగా విడే రాయి. నెల్లూరు షిస్టు మేఖల అని మేము పిలిచే ఈ రాళ్ల పట్టీని రెండు భాగాలుగా విడదీశారు. అడుగున ఉన్నదానికి వింజమూరు గ్రూపు అని, పైన ఉన్నదానికి ఉదయగిరి గ్రూపు అని పేర్లు పెట్టారు. అడుగుభాగంలో ఎక్కువగా ఒకప్పటి లావాలు, అవి వేడికీ ఒత్తిడికీ మారి నల్లగా తయారైన రాళ్లు ఉంటాయి. పైభాగంలో ఒకప్పటి ఇసుక, బురద మారి ఏర్పడిన క్వార్ట్జైట్లు, మెరిసే షిస్టులు ఉంటాయి. ఉదయగిరి దుర్గం వైపు తలెత్తి చూసినప్పుడు మీరు కోటనూ, కృష్ణదేవరాయలనూ తలచుకుంటారు. నేను ఆ కోట కింద ఉన్న రాతిని కూడా తలచుకుంటాను.

సభ మొదలు కాకముందు టీ తాగుతూ ఉండగా ఒక పెద్దాయన నా చేతిలోని రాయిని తీసుకుని, బొటనవేలితో రుద్ది, వేలికి అంటిన మైకా మెరుపును చూపించి, "కాకిబంగారం ఉందయ్యా దీంట్లో. ఎన్నేళ్లుంటాయి దీనికి?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు, సభలో చెబుతానన్నాను. ఎందుకు చెప్పలేదు? తెలియక కాదు. ఆ ప్రశ్నకు ఒక్క జవాబు చెబితే అది తప్పు జవాబు అవుతుంది కనుక చెప్పలేదు. ఈ రాయికి ఒక్క వయసు లేదు. నేను ఈ పూట మీ ముందు పెట్టదలచినది ఈ ఒక్క సంగతే. రాయికి ఒక్క వయసు ఉండదు, అనేక వయసులు ఉంటాయి. వాటిని విడివిడిగా చదవగలిగితేనే మన కాళ్ల కింద ఉన్న ఖండం ఎలా పుట్టిందో తెలుస్తుంది.

మన పల్లెల్లో పాత మిద్దె పడగొట్టి కొత్త ఇల్లు కట్టుకునేటప్పుడు తాతల నాటి టేకు ద్వారబంధాన్ని ఎవరూ పారేయరు. కడిగి, నూనె పట్టించి, కొత్త గోడలో నిలబెడతారు. మరి ఆ గడపకు ఎన్నేళ్లు? అడవిలో చెట్టు కొట్టిన నాటి నుంచి లెక్కపెట్టాలా? వడ్రంగి చెక్కిన నాటి నుంచా? కొత్త గోడలోకి ఎక్కిన నాటి నుంచా? నిరుడు సంక్రాంతికి రంగు వేసిన నాటి నుంచా? నాలుగు లెక్కలూ నిజమే. కానీ నాలుగూ వేరువేరు సంఘటనలు. రాయి విషయంలోనూ అంతే. పదార్థం భూమి లోతుల నుంచి విడివడిన కాలం ఒకటి, కరిగిన ద్రవం గడ్డకట్టి రాయి అయిన కాలం ఒకటి, ఆ రాయి మళ్లీ కాగి రూపం మారిన కాలం ఒకటి, చివరికి చల్లారిన కాలం ఒకటి. ఈ నాలుగింటినీ వేరుచేసి చెప్పగల గడియారాలు రాతిలోనే ఉన్నాయి. ఎవరో తెచ్చి పెట్టినవి కావు.

ఆ గడియారాలు ఎలా నడుస్తాయి? కొన్ని మూలకాల పరమాణువులు నిలకడగా ఉండవు. యురేనియం తనంతట తాను విచ్ఛిన్నమవుతూ, మధ్యలో అనేక రూపాలు దాటుకుని, చివరికి సీసంగా మారుతుంది. ఏ పరమాణువు ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ కోటానుకోట్ల పరమాణువులను కలిపి చూస్తే వాటిలో సగం మారడానికి పట్టే కాలం మారదు. ఆ కాలాన్ని అర్ధాయువు అంటాము. ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల రకాలను ఐసోటోపులు అంటాము, పేరు పక్కన వేసే అంకె ఆ బరువును చెబుతుంది. యురేనియం 238 అర్ధాయువు 447 కోట్ల సంవత్సరాలు. యురేనియం 235 అర్ధాయువు 70.4 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలు కనుక, పుట్టినప్పుడు ఉన్న యురేనియం 238లో దాదాపు సగం ఇంకా మిగిలి ఉంది. యురేనియం 235 అయితే ఆరు అర్ధాయువులు దాటిపోయింది కనుక తొంభయ్యో వంతు దగ్గర మాత్రమే మిగిలింది. పొటాషియం 40లో ఒక భాగం ఆర్గాన్ వాయువుగా మారుతుంది, దాని అర్ధాయువు 125 కోట్లు. రుబీడియం 87లో సగం స్ట్రాన్షియంగా మారడానికి దాదాపు 5,000 కోట్లు, సమేరియం 147లో సగం నియోడిమియంగా మారడానికి 10,600 కోట్ల సంవత్సరాలు పడుతుంది. భూమి వయసుకు ఇరవై రెట్లు దాటిన అర్ధాయువును ఎలా కొలిచారని మీరు అడగవచ్చు. సగం మారేదాకా కాచుకుని ఉండనక్కరలేదు. తూకం తెలిసిన పదార్థంలో గంటకు ఎన్ని పరమాణువులు విచ్ఛిన్నమయ్యాయో లెక్కపెడితే చాలు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. రాయి వయసు అనగానే చాలామంది కార్బన్ డేటింగ్ అంటారు. పత్రికల్లో కూడా అలాగే రాస్తారు. కార్బన్ 14 అర్ధాయువు 5,730 సంవత్సరాలు. యాభై వేల ఏళ్లు దాటితే కొలవడానికి అందులో దాదాపు ఏమీ మిగలదు. కట్టెబొగ్గు ముక్కకు, ఎముకకు, పాత గింజకు అది పనికివస్తుంది. మన రాళ్ల లెక్క కోట్లలో ఉంటుంది. ఆ తూకానికి ఈ తూనికరాయి సరిపోదు.

చరిత్ర సంగతి రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళతాను. పందొమ్మిదో శతాబ్దంలో లార్డ్ కెల్విన్ భూమి చల్లారే వేగాన్ని బట్టి దాని వయసు రెండు కోట్ల నుంచి నలభై కోట్ల సంవత్సరాల మధ్య ఉంటుందన్నాడు. 1896లో బెకరెల్ రేడియోధార్మికతను కనిపెట్టాడు. 1907లో బోల్ట్‌వుడ్ యురేనియం, సీసం నిష్పత్తులతో ఖనిజాల వయసులు ప్రకటించాడు. 1911లో ఆర్థర్ హోమ్స్ అనే యువకుడు నార్వే నుంచి తెచ్చిన రాతికి 37 కోట్ల సంవత్సరాలని లెక్క తేల్చాడు. 1956లో క్లేర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమికి 455 కోట్ల సంవత్సరాలని తేల్చాడు. అరవై ఏళ్లలో మనిషి ఊహ ఎంత దూరం జరిగిందో చూడండి. ఈ హోమ్స్ గారే 1955లో మన ద్వీపకల్పంలోనూ, సింహళంలోనూ ఉన్న అతి పురాతన శిలల వయసులను ఒకచోట కూర్చి ఒక వ్యాసం రాశారు.

ఇప్పుడు అసలు గడియారం దగ్గరకు వద్దాం. దాని పేరు జిర్కాన్. కంటికి కనిపించీ కనిపించని చిన్న పలుకు. పొడవు మిల్లీమీటరులో పదోవంతో ఐదోవంతో ఉంటుంది. గ్రానైటు లాంటి రాయి కరిగిన స్థితి నుంచి గడ్డకట్టేటప్పుడు ఇవి ఏర్పడతాయి. జిర్కాన్ స్ఫటికం కట్టుకునేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. పరమాణువు పరిమాణం, దాని విద్యుదావేశం అందులో ఇమడవు. అంటే ఏమిటి? పుట్టిన నాడు ఆ పలుకులో సీసం లేనట్టే. తర్వాత ఎప్పుడు చూసినా అందులో కనిపించే సీసం లోపలి యురేనియం మారగా వచ్చినదే. పైగా అది గట్టిది, నీటికి కరగదు, ఎండకు వానకు చెడదు, తొమ్మిది వందల డిగ్రీల వేడికి కూడా లోపలి సీసాన్ని సులువుగా వదలదు. రాయి అరిగి ఇసుక అయినా, ఆ ఇసుక మళ్లీ రాయి అయినా, ఆ రాయి మళ్లీ కాగినా, జిర్కాన్ తన లెక్కను తాను భద్రంగా దాచుకుంటుంది.

దాన్ని రాతిలోంచి ఎలా తీస్తాము? ఇది మా అమ్మలకు, అక్కలకు ఇట్టే అర్థమవుతుంది. ఇరవై కిలోల దాకా తాజా రాయి తెస్తాము. పగలగొట్టి, దంచి, జల్లెడ పడతాము. తర్వాత గాలిస్తాము. మీరు బియ్యం గాలిస్తారు కదా, గిన్నె వంచి, నీళ్లు తిప్పుతూ, బియ్యం ముందుకు పోయేటట్టు, రాళ్లు అడుగున నిలిచేటట్టు? సరిగ్గా అదే పని. మీరు అడుగున మిగిలిన రాళ్లను పారేస్తారు, మేము అడుగున మిగిలినదాన్నే దాచుకుంటాము. పలుగురాయి పొడి తేలిక, కొట్టుకుపోతుంది. జిర్కాన్ అదే పరిమాణపు పలుగురాయి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు, నిలుస్తుంది. మిగిలినదాన్ని అయస్కాంతానికి చూపించి ఇనుము ఉన్నవాటిని తీసేస్తాము, బరువైన ద్రవాల్లో ముంచి మరికొంత వడపోస్తాము. చివరికి గుప్పెడు కూడా ఉండదు, చిటికెడు ఉంటుంది. ఆ చిటికెడులోంచి సూక్ష్మదర్శిని కింద, సూదిమొనతో, ఒక్కొక్క పలుకునూ ఏరుతాము. ఏరినవాటిని జిగురు బిళ్లలో అతికించి, సగానికి అరిగేదాకా పాలిష్ చేస్తాము. అప్పుడు ఎలక్ట్రాన్ల కిరణం పడితే ఆ పలుకు లోపల వలయాలు వెలుగుతాయి. చెట్టు మొదలు కోస్తే కనిపించే వలయాల్లాంటివే. నడుమ ఒక గింజ, దాని చుట్టూ ఒక పొర, ఆ పొర చుట్టూ మరో పలుచని అంచు. మొదటిసారి ఆ బొమ్మ చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. వెంట్రుక మందానికి రెట్టింపు ఉన్న పలుకులో, మూడు వేరువేరు కాలాలు!

ఆ వలయాల్లో ఒక్కొక్కదాన్నీ విడిగా కొలవవచ్చు. వెంట్రుక మందంలో సగం కూడా లేని గుంటను లేజరుతోనో, అయాన్ల (విద్యుదావేశం ఉన్న పరమాణువుల) ధారతోనో తవ్వి, లేచిన ఆవిరిలో యురేనియం ఎంత, సీసం ఎంత అని తూస్తారు. అయాన్ల ధారతో పనిచేసే ఇలాంటి పెద్ద యంత్రాన్ని 1980 ప్రాంతంలో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో విలియం కాంప్‌స్టన్ బృందం నిర్మించింది. మనకు దగ్గరగా హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో కూడా ఐసోటోపులను కొలిచే ప్రయోగశాలలు ఉన్నాయి.

వెనక వరుసలో పిల్లలు నోటు పుస్తకాలు తీశారు కనుక ఒక చిన్న లెక్క చెబుతాను, రాసుకోండి. ఒక జిర్కాన్‌కు 160 కోట్ల సంవత్సరాలు నిండాయనుకోండి. అప్పుడు మిగిలిన ప్రతి నూరు యురేనియం 238 పరమాణువులకు 28 సీసం 206 పరమాణువులు ఉంటాయి. మిగిలిన ప్రతి నూరు యురేనియం 235 పరమాణువులకు 383 సీసం 207 పరమాణువులు ఉంటాయి. అదే జిర్కాన్‌కు 252 కోట్ల సంవత్సరాలైతే మొదటి లెక్క 48, రెండో లెక్క 1,096. చూశారా? ఒకే పలుకులో రెండు గడియారాలు, రెండు వేరువేరు వేగాలు. రెండూ ఒకే కాలాన్ని చూపితే ఆ పలుకును నమ్ముతాము. రెండూ రెండు కాలాలు చూపితే? అప్పుడు ఆ పలుకు మధ్యలో ఎప్పుడో సీసాన్ని కోల్పోయిందని అర్థం. యురేనియం విచ్ఛిన్నమైనప్పుడు స్ఫటికం లోపల దెబ్బ తింటుంది, ఆ దెబ్బతిన్న చోట్ల నుంచి సీసం జారిపోతుంది. ఇందులో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఏమిటంటే, ఆ నష్టం కూడా వృథా కాదు. ఒకే రాతిలో కొన్ని పలుకులు కొంచెం, కొన్ని ఎక్కువ కోల్పోతాయి. వాటన్నిటినీ గ్రాఫు మీద పెడితే ఒక గీత మీద వరుసగా నిలబడతాయి. ఆ గీత ఒక కొస రాయి పుట్టిన కాలాన్ని, అన్నీ కలిసివస్తే రెండో కొస దానికి దెబ్బ తగిలిన కాలాన్ని చూపుతాయి. ఈ గ్రాఫును 1956లో వెదరిల్ ప్రతిపాదించాడు.

ఇప్పటిదాకా గడియారం గురించి చెప్పాను. ఇక ఖండం గురించి. ఖండం అంటే ఏమిటి? భూపటలం, అంటే భూమి పైపెంకు, రెండు రకాలు. సముద్రాల అడుగున ఉండేది బసాల్టు అనే లావా రాయి, నల్లనిది, బరువైనది, అల్పాయుష్షు కలది. నేటి మహాసముద్రాల అడుగున ఎక్కడా ఇరవై కోట్ల సంవత్సరాలకు మించి పాతది పెద్దగా మిగల్లేదు, మిగతాది మళ్లీ భూమి లోపలికి కుంగిపోయింది. ఖండాల కింద ఉన్నది తేలికైనది, కుంగదు, అందుకే నిలిచింది. ఈ తేలికైన పటలం ఎక్కడి నుంచి వచ్చింది?

తేనెపట్టును ఎండలో పళ్లెంలో పెట్టి చూడండి. మైనం కరగక ముందే తేనె కారుతుంది. ముందు కరిగేది ముందు వస్తుంది. భూప్రావారం, అంటే భూపటలం కింద ఉన్న మందపాటి రాతి పొర, కాగినప్పుడు అదంతా ఒక్కసారి కరగదు. సులువుగా కరిగే భాగం మాత్రం కారి పైకి వస్తుంది, అది బసాల్టు. ఆ బసాల్టు నీటితో కలిసి లోతుకు వెళ్లి మళ్లీ పాక్షికంగా కరిగితే, అందులో ముందు కరిగే భాగం పైకి వస్తుంది, అది సోడియం ఎక్కువగా ఉన్న తెల్లని రాయి. టోనలైటు, ట్రాంజెమైటు, గ్రానోడయొరైటు అని దానికి పేర్లు. ఆ తెల్లని రాయి మళ్లీ కాగి కరిగితే పొటాషియం ఎక్కువగా ఉన్న గ్రానైటు వస్తుంది. మూడుసార్లు వడపోత. ఒక్కొక్క వడపోతకూ కొన్ని కోట్ల ఏళ్ల దూరం ఉండవచ్చు, వంద కోట్ల ఏళ్ల దూరమూ ఉండవచ్చు. జిర్కాన్‌లోని యురేనియం, సీసం మనకు చెప్పేది ఏ వడపోత? అది గడ్డకట్టిన వడపోత. మరి ఆ పదార్థం మొదటిసారి భూప్రావారాన్ని వదిలిన కాలం ఎలా తెలుస్తుంది?

దానికి సమేరియం, నియోడిమియం గడియారం ఉంది. భూప్రావారం కరిగినప్పుడు, కారి వచ్చిన ద్రవంలోకి సమేరియం కంటే నియోడిమియం ఎక్కువగా చేరుతుంది. అంటే పటలంలో సమేరియం వాటా తగ్గుతుంది. వాటా తగ్గింది కనుక ఆ రోజు నుంచి అందులో నియోడిమియం 143 పెరగడం నెమ్మదిస్తుంది, ప్రావారంలో మాత్రం పాత వేగంతోనే పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఎడం ఎంత ఉందో చూస్తే, విడిపోయింది ఎప్పుడో లెక్కకట్టవచ్చు. దీన్ని మోడల్ వయసు అంటారు. 1976లో డిపాలో, వాసర్‌బర్గ్ ఈ పద్ధతికి దారి వేశారు. తర్వాత జిర్కాన్‌లోనే ఉండే హాఫ్నియంతో కూడా ఇదే పని చేయడం మొదలుపెట్టారు. అంటే ఒకే పలుకులో ద్వారబంధం చెక్కిన తేదీ ఉంది, అడవిలో చెట్టు కొట్టిన తేదీ కూడా ఉంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మోడల్ వయసు అనే మాటలోనే ఒక ఊహ దాగి ఉంది. పాత పటలపు ద్రవం, కొత్తగా ప్రావారం నుంచి వచ్చిన ద్రవం కలిసిపోతే, ఆ కలిపిన రాతి మోడల్ వయసు రెండింటికీ నడుమ ఎక్కడో పడుతుంది. అప్పుడు ఏమీ జరగని కాలానికి ఏదో జరిగిందని మనం కథ అల్లే ప్రమాదం ఉంది. నాకు తెలిసి ఈ రంగంలో ఎక్కువ తగాదాలు పుట్టింది ఈ ఒక్క చోటే.

లోకంలో అతి పాతవి ఏవి? వయసు మీద పెద్దగా వివాదం లేని రాళ్లలో కెనడాలోని అకాస్టా నైస్, 403 కోట్ల సంవత్సరాలు. నైస్ అంటే వేడికీ ఒత్తిడికీ మారి చారలు తేలిన రాయి. పలుకుల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ జిర్కాన్, 440 కోట్ల సంవత్సరాలు. ఆ జిర్కాన్ పుట్టిన రాయి ఎప్పుడో అరిగిపోయింది. పలుకు మాత్రం 300 కోట్ల ఏళ్ల నాటి గులకరాళ్ల పొరలోకి చేరి బతికింది. దానిలోని ఆక్సిజన్ ఐసోటోపులను బట్టి, అది పుట్టిన ద్రవంలో నీటితో మార్పు చెందిన పదార్థం కలిసిందని చాలామంది భావిస్తున్నారు. మన దేశంలో కూడా జార్ఖండ్, ఒడిశాల్లోని సింగ్‌భూమ్ ప్రాంతపు శిలల్లో 420 కోట్ల సంవత్సరాలు దాటిన జిర్కాన్ దొరికిందని 2018లో ప్రకటించారు. దక్షిణాదిన ధార్వాడ్ క్రేటాన్‌లో, అంటే ధార్వాడ్ అనే పాత, గట్టి ఖండపు ముక్కలో, 330 కోట్లు దాటిన నైస్ శిలలు ఉన్నాయి. బెంగళూరు లాల్‌బాగ్‌కు వెళ్లినవారు అక్కడి గుట్ట ఎక్కే ఉంటారు, అది దాదాపు 300 కోట్ల సంవత్సరాల నాటి నైస్. రామనగరం పాత పేరు మీద క్లోజ్‌పేట గ్రానైటు అని పిలిచే నాలుగు వందల కిలోమీటర్ల రాతిపట్టీ 252 కోట్ల సంవత్సరాల నాటిది. ఇందాక చెప్పిన మూడో వడపోత అదే. దానితో ధార్వాడ్ ఖండం గట్టిపడింది.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. పడమర దిక్కున ఆ ధార్వాడ్ ఖండం నిలిచి ఉంది. దాని మీద కడప బేసిన్ అనే పెద్ద పల్లం ఏర్పడి, అందులో ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకున్నాయి. పులివెందుల దగ్గర ఆ పొరల మధ్యకు చొచ్చుకువచ్చిన నల్లరాతికి యురేనియం, సీసం పద్ధతిలో 188 కోట్ల సంవత్సరాలని తేలింది. తూర్పున అప్పుడు ఏముండేది? ఖండం అంచు, ఆ అవతల సముద్రం. బంగాళాఖాతం కాదు, అది నిన్నమొన్నటిది. దానికి ముందు ఎప్పుడో ఉన్న మరో సముద్రం. గూడూరు వైపు కండ్ర అనే ఊరి దగ్గర ఉన్న రాళ్లను ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు సి. లీలానందం గారు ఒకప్పటి సముద్రపు అడుగు ముక్కగా గుర్తించారు. తర్వాత అక్కడి జిర్కాన్లకు 185 కోట్ల సంవత్సరాలని తేలింది. ఆలోచించండి. సముద్రపు అడుగు కుంగిపోవలసింది, ఒక ముక్క మాత్రం కుంగకుండా ఒడ్డుకు చిక్కింది. ఆ చిక్కిన ముక్కే అక్కడ ఒక సముద్రం మూసుకుపోయిందని మనకు సాక్ష్యం చెబుతోంది.

మరి ఆ మూసుకుపోయే పనిలో అవతలి ఒడ్డు ఏమైంది? ఒంగోలు వైపు వెళ్లండి. అక్కడి తూర్పు కనుమల శిలల్లో 170 కోట్ల సంవత్సరాలు దాటిన గ్రానైటు జాతి రాళ్లు ఉన్నాయి. అవి 160 కోట్ల సంవత్సరాల ప్రాంతంలో తొమ్మిది వందల డిగ్రీలు దాటిన వేడికి గురయ్యాయి. ఆ వేడి గుర్తు జిర్కాన్ల అంచుల మీద ఉంది, మోనజైట్ అనే మరో ఖనిజంలో ఉంది. కానీ ఆ శిలల నియోడిమియం మోడల్ వయసులు చూస్తే 230 కోట్లు, అంతకంటే ఎక్కువ వస్తాయి. అంటే ఏమిటి? ఒంగోలు ప్రాంతపు పటలం 170 కోట్ల నాడు ప్రావారం నుంచి సరికొత్తగా వచ్చినది కాదు. అందులో అంతకుముందే ఉన్న పాత పటలం మళ్లీ కాగింది. టేకు పాతది, గడప కొత్తది. ఒక్క యురేనియం లెక్క చూసినవాడు ఇక్కడ కొత్త ఖండం పుట్టిందంటాడు. ఒక్క నియోడిమియం లెక్క చూసినవాడు ఇక్కడ ఏమీ కొత్తగా జరగలేదంటాడు. రెండూ పక్కపక్కన పెట్టినవాడికి మాత్రమే పాతది కరిగి, కొత్తదానితో కలిసి, అంచున అతుక్కున్న వైనం కనిపిస్తుంది.

ఆ తర్వాత ఈ అతుకు పూర్తిగా మానలేదు. 130 కోట్ల సంవత్సరాల ప్రాంతంలో ఇదే కుట్టు వెంబడి కొత్తగా చీలిక వచ్చి, ఏల్చూరు లాంటి చోట్ల సోడియం, పొటాషియం మిక్కిలిగా ఉన్న అరుదైన శిలలు పైకి వచ్చాయి. వాటికి లీలానందం గారు ప్రకాశం క్షార శిలా మండలం అని పేరు పెట్టారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరున్న జిల్లా, ఆ జిల్లా పేరున్న శిలా మండలం. గోదావరికి ఉత్తరాన ఉన్న తూర్పు కనుమల కథ వేరు, అక్కడి పెద్ద వేడి 100 కోట్ల నుంచి 90 కోట్ల సంవత్సరాల నాటిది, అది అంటార్కిటికా శిలలతో కలుస్తుంది. మ్యాపు మీద ఒకే కొండల వరుసలా కనిపించేవి ఒకే ఖండపు ముక్కలు కావని చెప్పింది ఈ వయసులే.

చీమకుర్తి క్వారీల్లో పనిచేసిన వారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, సంతోషం. మీరు బ్లాక్ గెలాక్సీ గ్రానైటు అంటారు. వ్యాపారంలో ఆ పేరు సరే. శిలాశాస్త్రంలో అది గ్రానైటు కాదు, గాబ్రో జాతి రాయి. పాలిష్ పట్టిన స్లాబ్‌లో నక్షత్రాల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. గ్రానైటుకూ దీనికీ తేడా మాకు ఎందుకు ముఖ్యం? గ్రానైటులో జిర్కాన్ పుష్కలం, ఇలాంటి నల్లరాతిలో అపురూపం. అందుకని రాతిలోని ఒక్కొక్క ఖనిజాన్నీ విడదీసి, సమేరియం, నియోడిమియం కొలిచి, ఆ బిందువులన్నీ ఒక గీత మీద పడతాయో లేదో చూడాలి. గీత వాలును బట్టి వయసు తెలుస్తుంది. గీత ఎంత నిటారుగా ఉంటే అంత పాతది.

ఇక పెద్దాయన చూపించిన కాకిబంగారం, అంటే మైకా, అభ్రకం. అభ్రకంలో పొటాషియం ఉంది, రుబీడియం ఉంది. కనుక అందులోనూ గడియారం ఉంది. కానీ అది జిర్కాన్ లాంటి మొండి గడియారం కాదు. నల్ల అభ్రకం మూడు వందల డిగ్రీల వేడి దాటితే ఆర్గాన్‌ను వదిలేస్తుంది, తెల్ల అభ్రకం అంతకంటే కొంచెం ఎక్కువ వేడి దాకా ఓర్చుకుంటుంది. మూత సరిగా పడని గిన్నెలో ఆవిరి నిలవదు. చల్లారి మూత బిగిసిన నాటి నుంచే లెక్క మొదలవుతుంది. కనుక అభ్రకం చెప్పేది పుట్టిన కాలం కాదు, చల్లారిన కాలం. ఇందులో లోపమేమీ లేదు. జిర్కాన్ ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీల నాటి తేదీ చెబుతుంది, తెల్ల అభ్రకం నాలుగు వందల డిగ్రీల ప్రాంతపు తేదీ, నల్ల అభ్రకం మూడు వందల డిగ్రీల తేదీ చెబుతుంది. మూడింటినీ కలిపితే ఆ కొండ ఎంత వేగంగా పైకి లేచి చల్లారిందో తెలుస్తుంది. గనుల్లో మీరు పుస్తకాల్లా పొరలు విప్పిన ఆ అభ్రకం నిజంగానే పుస్తకం.

ఆ గనుల పలుగురాతిలోనే అప్పుడప్పుడు నల్లగా, బరువుగా, పగిలితే గాజులా మెరిసే రాయి దొరికేది. కొందరికి గుర్తుండే ఉంటుంది. అది సమర్‌స్కైట్, యురేనియం ఉన్న ఖనిజం. సూక్ష్మదర్శిని కూడా అక్కరలేని గడియారాన్ని మీరు తట్టల్లో మోశారు.

నా పొరపాటు ఒకటి చెప్పి తీరాలి, విద్యార్థులకు ఉపయోగపడుతుంది. పరిశోధనలో చేరిన మొదటి ఏడాది, ఈ ప్రాంతంలోనే ఒక వాగు గట్టున సులువుగా ఊడివచ్చిన రాళ్లు పన్నెండు ఏరుకుని వెళ్లాను. సమ్మెట వేయకుండానే వచ్చాయి కదా అని సంతోషించాను. నెలల తరబడి రుబీడియం, స్ట్రాన్షియం కొలిచాను. గీత మీద పడవలసిన బిందువులు చల్లిన వడ్లలా పడ్డాయి. మా గురువుగారు ఒక రాయి తీసుకుని, గోరుతో గీకి, రాలిన పొడి నాకు చూపించారు. సులువుగా ఊడింది అంటే నీరు అప్పటికే లోపలికి వెళ్లింది, రుబీడియం, స్ట్రాన్షియం లెక్కను చెదరగొట్టింది. ఆ రాళ్లు చెప్పింది ఖండం పుట్టిన కాలం కాదు, వానలు కురిసిన కాలం. ఆ తర్వాత సమ్మెట దెబ్బకు గంటలా మోగని రాయిని నేను ఎన్నడూ సంచిలో వేయలేదు.

చివరగా, ఇంకా తెగని ఒక ప్రశ్న. లోకంలోని జిర్కాన్ల వయసులన్నీ ఒకచోట వేసి చూస్తే అవి సమంగా పరచుకుని ఉండవు. 270 కోట్లు, 190 కోట్లు, 100 కోట్ల దగ్గర గుట్టలు గుట్టలుగా పోగుపడతాయి. ఖండాలు ఆ కాలాల్లోనే ఉధృతంగా పుట్టాయా? లేక ఎప్పుడూ పుడుతూనే ఉండి, ఖండాలు ఒకదానితో ఒకటి ఢీకొన్న కాలాల్లో పుట్టినవి మాత్రమే మధ్యలో చిక్కి భద్రంగా మిగిలాయా? పండినది వేరు, గాదెలో మిగిలింది వేరు. నా మట్టుకు నేను రెండోదానివైపే మొగ్గుతాను. ఎందుకంటే మన నెల్లూరు, ఒంగోలు అంచు మీద నేను చూసిన వయసులు అలాగే చెబుతున్నాయి. కొత్తగా పుట్టినదానికంటే, పాతది కాగి, ఢీకొని, నిలిచిపోయినదే ఇక్కడ ఎక్కువ.

దీన్ని పరీక్షించడానికి మనకు ఒక మంచి దారి ఉంది, అది పెన్న. నంది కొండల్లో పుట్టి, ధార్వాడ్ గ్రానైట్ల మీదుగా వచ్చి, గండికోట దగ్గర కడప బేసిన్‌ను కోసుకుని, సోమశిల దగ్గర వెలికొండలను దాటి మన మైదానంలోకి దిగుతుంది. దారి పొడవునా ప్రతి రాతి నుంచీ కొన్ని పలుకులు తెస్తుంది. మనం ఒక్కొక్క కొండా ఎక్కి ఏరలేనివాటిని నది ఏరి తెచ్చి గుమ్మంలో పోస్తుంది. ఆ పెన్న ఇసుకనే నిన్న సాయంత్రం సోమశిల దిగువన ఒక బొచ్చెలో తెచ్చి, ఉదయం ఇక్కడి విద్యార్థినులు ఇద్దరు ఓపికగా గాలించారు. నేను చేసినదానికంటే శుభ్రంగా చేశారు. అడుగున మిగిలిన నల్ల ఇసుకలో గార్నెట్ పలుకులు ఉన్నాయి, ఇల్మెనైట్ అనే నల్లని ఖనిజం ఉంది, నడుమ నడుమ లేత గులాబీ రంగులో, రెండు కొసలా మొనదేలి, జిర్కాన్లు ఉన్నాయి. వాటి వయసు ఈ బల్ల మీద తెలియదు, అది యంత్రం చేయవలసిన పని. కానీ కంటితో చూడవచ్చు. కొన్ని పలుకుల మొనలు వాడిగా ఉన్నాయి, కొన్ని గుండ్రంగా అరిగి ఉన్నాయి. వాడిగా ఉన్నవి దగ్గరి నుంచి, అరిగినవి దూరం నుంచి, లేదా ఒకసారి రాయిగా మారి మళ్లీ ఇసుకైనవి. సూక్ష్మదర్శిని కిటికీ పక్కన బల్ల మీద ఉంది. ముందు పెద్దాయనను రానివ్వండి, ఆ తర్వాత చిన్న తరగతుల పిల్లలు, ఆ తర్వాత మిగతావాళ్లు. బల్లను కదిలించకండి, పలుకులు దొర్లిపోతాయి.